ఆలస్యంగా వదిలే బ్రేకు, తొందరగా పడే నింద

ముప్పై నాలుగేళ్లు గేరుబాక్సులు విప్పాను. వాటిలో సగం విప్పక్కర్లేనివి. ఉద్యోగంలో ఉండగా ఈ మాట అంటే మరుసటి నెల జీతం వచ్చేది కాదు కాబట్టి ఇప్పుడు అంటున్నాను.

టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీల్లో లోడర్లకి, డోజర్లకి మెకానిక్కుగా చేశాను. ఎప్పుడు చేరాను, ఏ ప్రమోషను ఎప్పుడొచ్చింది, అవన్నీ వదిలేస్తున్నాను. రిటైరైన రోజు కప్పిన శాలువా సంగతి కూడా వదిలేద్దును గానీ, అది ఇప్పుడు నందిగాంలో మా ఇంట్లో మిక్సీ మీద దుమ్ము పడకుండా కాపాడుతోంది. నాకు జరిగిన సన్మానంలో ఉపయోగపడిన భాగం అదొక్కటే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పదగ్గ సంగతులు నా దగ్గర రెండున్నాయి. ఒకటి, నేను చేసిన తప్పు. రెండోది, ఇరవై ఏళ్ల తర్వాత కాశీబుగ్గలో ఒక జీడిపప్పు మిల్లులో ఆ తప్పు మళ్లీ నా ఎదురుగా వచ్చి నిలబడటం.

పైవాళ్ల గురించి కాస్త

బండి ఆగిపోతే యజమాని అడిగే మొదటి ప్రశ్న "ఏమైంది" కాదు. "ఎవడు చేశాడు?" రెండో ప్రశ్న "ఎప్పటికవుతుంది?" ఏమైందో కనుక్కోవడానికి నాకు జీతమిచ్చేవారు. కానీ నిజం చెప్పాలంటే చాలాసార్లు నేనూ మొదటి ప్రశ్నకే జవాబు చెప్పి ఆ జీతం తీసుకున్నాను. అది తేలిక. పేరు చెబితే చాలు, పానా ముట్టుకోనక్కర్లేదు.

మా మేనేజరొకాయనకి మెకానిక్కు చొక్కా ఎంత నల్లగా ఉంటే అంత పని జరిగినట్టు. రోగం వైరులో ఉందని ఐదు నిమిషాల్లో కనిపెట్టిన రోజున తెల్లచొక్కాతో ఎదురుపడితే మొహం చిట్లించేవాడు. అందుకని ముందు చొక్కాకి రెండు చారలు గ్రీజు పూసుకుని, తర్వాత వెళ్లి టీ తాగిన రోజులున్నాయి. గేరుబాక్సు విప్పడమంటే ఆయనకి పండగ. షెడ్డు నిండా ముక్కలు పరిచి ఉంటే కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. ఆయన్ని సంతోషపెట్టడానికి నేను విప్పినవి ఎన్నో లెక్క లేదు.

లోడరు, అప్పన్న కాలు

అప్పన్న అని లోడరు ఆపరేటరు ఉండేవాడు. నాకంటే పదేళ్లు చిన్న. నన్ను మావా అని పిలిచేవాడు. ఆ రకం లోడర్లో బ్రేకు తొక్కితే గేరుబాక్సు చక్రాలకి బలం ఇవ్వడం ఆపేస్తుంది. కాలు తీయగానే మళ్లీ ఇవ్వాలి. వెంటనే ఇవ్వాలి, ఎందుకంటే ముందున్నది ర్యాంపు, బకెట్‌లో ఉన్నది టన్నుల రాయి.

ఒకరోజు అప్పన్న వచ్చి, "మావా, కాలు తీసీసిన తరవాత బండి కాసేపు ఆలోసిస్తంది. ఓపాలి ఇప్పి సూడు," అన్నాడు.

మేనేజరు పక్కనే ఉన్నాడు. పొద్దున్న ఇంకా వేడెక్కని బండిని నేను చదునైన నేల మీద రెండు చుట్లు తిప్పాను. బాగానే ఉంది. దిగి, "బండికేం రోగం లేదు. లేటయ్యేది నీ కాలు," అన్నాను. మేనేజరు పకపకా నవ్వాడు. ఆ నవ్వు నాకు చాలా బాగుంది. ఆ వారమే అప్పన్నని పనిలోంచి తీసేశారు.

ఎనిమిదో రోజున కొత్త ఆపరేటరు ర్యాంపు మీద కాలు తీస్తే బండి ముందుకు రాలేదు. వెనక్కి జారి కంప్రెసరు షెడ్డుని గుద్దింది. లోపల మనుషులెవరూ లేకపోవడం అదృష్టం. సాయంత్రం బ్రేకుకీ గేరుబాక్సుకీ మధ్యనుండే వాల్వు నేనే విప్పాను. లోపల స్ప్రింగు రెండు ముక్కలైపోయి ఉంది. నూనె చల్లగా ఉన్నప్పుడు ఎలాగో పనిచేస్తోంది, వేడెక్కితే ఇరుక్కుపోతోంది. అప్పన్న చెప్పింది అక్షరాలా నిజం.

ఆ ముక్కలు జేబులో వేసుకుని, కొత్త స్ప్రింగు బిగించి, రిపోర్టులో "అరుగుదల" అని రాశాను. అప్పన్నని వెనక్కి పిలిపించమని మేనేజరుకి చెప్పలేదు. చెబితే ఆ నవ్వు నా మీదకి తిరుగుతుంది. పిరికితనం, అంతే. దీనికి ఇంతకంటే మంచి పేరు వెతికాను, దొరకలేదు.

ఎనిమిది సెకన్ల కారు

రిటైరై తీరిగ్గా ఉండగా కాశీబుగ్గ నుంచి ఫోను. పాపారావు గారని, జీడిపప్పు మిల్లు యజమాని. "మాస్టారూ, మా కారు గేరుబాక్సు సూడాలండి. జిల్లాలో మీరేనని మా మెకానిక్కు సెప్పినాడు." ఆ శుక్రవారమే వెళ్లాను.

మిల్లు ముందు జీడిపిక్కలు ఎండబెట్టే సిమెంటు కళ్లంలో కారు ఉంది. మామూలు కారు కాదు, డ్రాగ్ రేసు కారు. తిన్నగా పావు మైలు పోవడం తప్ప దానికి ఇంకో విద్య రాదు. మలుపు తిరగదు. సీట్లు రెండున్నా ఒకదాంట్లో ఇనప చట్రమే కూర్చుంటుంది. పలాస నుంచి మందస వెళ్లి కూరగాయలు తేవడానిక్కూడా పనికిరాదు. ఎనిమిది సెకన్లలో ముగిసే పందెం కోసం ఏడాదిగా ఆ ఇంట్లో అందరికీ నిద్ర లేదు. నడిపేది పాపారావు గారి బామ్మర్ది కిరణ్. నల్లకళ్లద్దాలు నీడలో కూడా తీయడు.

దాని రోగం చెప్పే ముందు దాని బ్రేకు చెప్పాలి. స్టీరింగు మధ్యలో గుండ్రటి మీట ఉంటుంది. బొటనవేలితో నొక్కి పట్టుకుంటే కరెంటు వెళ్లి గేరుబాక్సు మొదటి గేరునీ రివర్సునీ ఒకేసారి పట్టేసుకుంటుంది. ఇంజను ఎంత అరిచినా కారు అంగుళం కదలదు. పచ్చ లైటు వెలగ్గానే వేలు తీస్తే కరెంటు ఆగి, రివర్సు వదిలి, కారు ఒక్క గెంతులో పోవాలి. ఈ కారు గెంతడం లేదు. వేలు తీశాక అరక్షణం ఆగి, అప్పుడు కదులుతోంది. ఎనిమిది సెకన్ల పందెంలో అరక్షణం అంటే పక్క కారు వెనక లైట్లు చూస్తూ ఇంటికి రావడమే.

"ఇదిగోనండి మా మెకానిక్కు," అన్నాడు పాపారావు గారు.

కారు కింద నుంచి బయటికొచ్చినవాడు అప్పన్న.

జుట్టు తెల్లబడింది. నన్ను చూసి చేతులు తుడుచుకుని, "ఎప్పుడొచ్చినావు మావా?" అన్నాడు, నిన్న సాయంత్రమే కలిసినట్టు. ఆ మిల్లులో బాయిలరూ మోటార్లూ చూసేది అతనేనట. కారొచ్చాక అది కూడా నెత్తిన పెట్టారు. అతని భార్య పార్వతి అక్కడే పని చేస్తోంది. టీ తెచ్చిచ్చింది. గ్లాసు పట్టుకున్న వేళ్లు కొసల దాకా నల్లబారి, చర్మం గట్టిపడి ఉన్నాయి. జీడిపిక్క కొట్టే వాళ్లందరికీ పెంకులోంచి కారే జీడి రసం అంటి వేళ్లు అలాగే ఉంటాయని సరిపెట్టుకున్నాను.

అప్పటికే మూడు రకాల నూనె మార్చారు. కరెంటుతో పనిచేసే వాల్వు రెండుసార్లు కొత్తది వేశారు. గేరుబాక్సు రెండుసార్లు దింపారు. ఫోనులో వీడియోలు చూసి కిరణ్ ఇంకో నాలుగు మార్పులు చేయించాడు. బాగుపడలేదు.

"దీన్ని తోలేది శని, ఆదివారాలే. శనివారం పొద్దున్న బాగా సతాయిస్తాది మావా. ఆదివారం సాయంత్రానికి కొంచిం దారికొస్తాది. మళ్లీ శనివారం మామూలే," అన్నాడు అప్పన్న.

పాపారావు గారి తల్లి నరసమ్మ గారు ఈ మాట ఎప్పుడో పట్టుకున్నారు. శనివారం సతాయిస్తోందంటే శని కాకపోతే ఇంకెవరు? అందుకే గేరుబాక్సు విప్పి బిగించినప్పుడల్లా ఒక పూజ, అది కాక ప్రతి శుక్రవారం ఇంకో పూజ. నేను చూస్తుండగానే ఆవిడ వచ్చి బానెట్టుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు కారు మీద చిలకరించి, స్టీరింగు మీటకి చిక్కటి గంధం పెట్టి దాని మీద కుంకుమ అద్దారు. మోటారుకైనా ట్రాక్టరుకైనా మా వైపు అదే మర్యాద. మా మిక్సీకి దసరాలకి నేనూ పెడతాను. అందుకే అది నా కంటికి కనిపించింది గానీ బుర్రకి ఎక్కలేదు.

పాపారావు గారు నన్ను పక్కకి తీసుకెళ్లాడు. "పందెం వచ్చే వారం అండి. రెండుసార్లు గేరుబాక్సు దింపింది ఈ అప్పన్నే. ఇందులో ఈడి తప్పేదో ఉన్నాదని మా కిరణ్ అంటన్నాడు. రేపు మీరు గేరుబాక్సే అని సెప్పీయండి, ఈడికి లెక్క సూసి పంపించీస్తాను."

చూశారా, ఆయనకి రోగం అక్కర్లేదు. పేరు కావాలి. అదీ తను ముందే రాసి పెట్టుకున్న పేరే కావాలి. రెండోసారి అదే మనిషిని, అదే నోటితో, అదే రోగానికి.

బల్బు చెప్పిన సాక్ష్యం

మర్నాడు శనివారం పొద్దున్నే కారుని ఉద్దానం వైపు సముద్రం దగ్గర పాపారావు గారి లేఅవుటుకి తీసుకెళ్లాం. పెద్ద ఆర్చి, దాని మీద సముద్రం బొమ్మ. అసలు సముద్రం సరుగుడు తోట వెనక ఉంది, కనబడదు. ప్లాట్లలో మేకలు మేస్తున్నాయి. అమ్మకానికి పెట్టిన వాటిలో పూర్తిగా పూర్తయినది రోడ్డు ఒక్కటే. తిన్నగా, నున్నగా, ఎవరూ రాని రోడ్డు. ఈ కారుకి సరిగ్గా సరిపోయింది.

నేను గేరుబాక్సు ముట్టుకోలేదు. కొత్తగా వచ్చేవాళ్లు ఇక్కడ శ్రద్ధగా వినాలి. రోగం ఎక్కడుందో తెలియనప్పుడు దారిని మధ్యకి కోసి, ఏ సగంలో ఉందో ముందు తేల్చుకోవాలి. మీట నుంచి గేరుబాక్సుకి వెళ్లే వైరుకి ఒక చిన్న బల్బు కలిపి అద్దానికి అంటించాను. కరెంటు ఉన్నంతసేపు అది వెలుగుతుంది. రోడ్డు పక్కన పచ్చ లైటు పెట్టాను. పాపారావు గారి ఫోనులో నిదానంగా చూపించే వీడియో పెట్టి, పచ్చ లైటు, బల్బు, వెనక చక్రం మూడూ కనిపించేలా నిలబెట్టాను. బల్బు వెంటనే ఆరి, చక్రం లేటుగా కదిలితే రోగం గేరుబాక్సులో. బల్బే లేటుగా ఆరితే రోగం అవతల, నడిపేవాడి వైపు.

కిరణ్ ఎక్కాడు. ఇంజను అరిచింది. మేకలు పారిపోయాయి. పచ్చ లైటు వేశాను. కారు ఆగి ఆగి కదిలింది.

వీడియో చూశాం. పచ్చ లైటు వెలిగింది. బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. ఇంకా. ఇంకా. అప్పుడు ఆరింది. ఆరిన మరుక్షణం చక్రం తిరిగింది. గేరుబాక్సు నిప్పులాంటి నిజాయితీతో పనిచేస్తోంది. రెండుసార్లు దింపినందుకు దానికి క్షమాపణ చెప్పాలి.

అప్పన్న వైపు చూశాను. అతని భుజాలు దిగాయి.

ఇక్కడ నా గుణం చెప్పాలి. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. గేరుబాక్సు కాదంటే మిగిలింది బొటనవేలు. ఆ బొటనవేలు యజమాని బామ్మర్దిది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఏ యజమాని చుట్టాన్నీ ఒక్క మాట అనే అదృష్టం నాకు పట్టలేదు. గొంతు సవరించుకున్నాను.

"పాపారావు గారూ, బండికేం రోగం లేదు. లేటయ్యేది మీ కిరణ్..."

"మావా, ఆగు," అన్నాడు అప్పన్న.

ఆగాను.

"ఈడియోలో ఆయన ఏలు కనబడిందేటి?"

"లేదు."

"మరి సూడకుండా మనిసి మీద పెట్టీకు."

అతను కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఇరవై ఏళ్ల కింద మేనేజరు నవ్విన నవ్వు చెవిలో వినబడింది. అవే మాటలు, "బండికేం రోగం లేదు," నా నోట్లోంచి మళ్లీ వచ్చేశాయి.

కిరణ్ అద్దాలు తీశాడు. నేను చూడటం అదే మొదటిసారి. "సత్తె పెమాణికంగా బేగి తీసినాను బావా," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పాపం, నిజంగానే బాధపడుతున్నాడు.

ఈసారి ఫోను కారు లోపల పెట్టాం. మళ్లీ పచ్చ లైటు. మళ్లీ వీడియో. కిరణ్ వేలు ఠక్కున లేచింది. వేలు గాల్లో ఉంది. మీట మాత్రం కిందే ఉంది. తర్వాత అది, మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నవాడిలా, మెల్లగా పైకి లేచింది. దాని మీద, వేలికి సగం చెరిగిన నిన్నటి కుంకుమ బొట్టు ఇంకా ఎర్రగా ఉంది.



మీట ఊడదీశాను. చుట్టూ సందులో గంధం, కుంకుమ, కొబ్బరినీళ్లు పొరలు పొరలుగా ఎండి లక్కలా పట్టేశాయి. కారు కొన్న రోజున మొదటి పూజ. ఆ గంధంతో కారు లేటైతే అందుకు ఇంకో పూజ. పూజ చేసినందుకు ఇంకాస్త గంధం. గంధం వల్ల ఇంకాస్త లేటు. అందుకు ఇంకో పూజ. శుక్రవారం పెట్టింది శనివారానికి గట్టిపడుతుంది. రెండు రోజులు నొక్కగా నొక్కగా ఆదివారం సాయంత్రానికి కొంత వదులవుతుంది. శని ప్రమేయం ఏమీ లేదు.

"ఎవడండీ..." అని మొదలుపెట్టిన పాపారావు గారు అక్కడే ఆగిపోయాడు. ఆ "ఎవడు" తన కన్నతల్లి అని అర్థమైంది. గొంతు మెత్తబడింది. "అసలు ఏటైందంటారు మాస్టారూ?" అన్నాడు. సరైన ప్రశ్న ఒక యజమాని నోట విన్నది నా వృత్తి జీవితంలో అదే మొదటిసారి, అదీ రిటైరయ్యాక.

గుడ్డ చుట్టిన పుల్లని స్పిరిట్‌లో ముంచి అప్పన్న మీటని శుభ్రం చేశాడు. కారు ఆ గెంతు గెంతేసరికి లేఅవుటు చివర గోడ ఉందన్న సంగతి అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. కిరణ్ ఆపగలిగాడు, పర్వాలేదు.

తర్వాత వారం పందెంలో ఏమైందని అడుగుతారు. బ్రేకు చక్కగా వదిలింది. కిరణ్ మాత్రం పచ్చ లైటు రాకముందే వేలు తీసేశాడు, కారుని పక్కన పెట్టేశారు. పందెంలో పచ్చకి ముందు పసుపు లైట్లు వెలుగుతాయి, మీట లేటు చేస్తుంటే వాటిని చూసి కాస్త ముందే తీయడం అతని వేలు ఎప్పుడో నేర్చేసుకుంది. వేలిని విప్పి బిగించే విద్య నా దగ్గర లేదు.

కళ్లంలో

ఆ శనివారం మధ్యాహ్నం మిల్లుకి తిరిగొచ్చాం. నరసమ్మ గారికి చెప్పే బాధ్యత కొడుకు నా మీదకి తోశాడు. ఆవిడ అంతా విని, "అయితే బొట్టు ఎక్కడ పెట్టమంటావు నాయనా?" అన్నారు. బానెట్టు మీద అన్నాను. "పని సేసేది మీటైతే బొట్టు బానెట్టుకా?" అన్నారు. చివరికి స్టీరింగు కింద కడ్డీకి పెట్టడానికి ఇద్దరం ఒప్పుకున్నాం.

పాపారావు గారు మంచి హుషారులో ఉన్నాడు. "మాస్టారూ, మీరు గొప్పోరండి. అప్పన్న కూడా మంచోడేలెండి, ఉంచీస్తాను," అన్నాడు. గ్రేడింగు చేసే ఆడవాళ్లు పదిమంది, ఎండలో పిక్కలు తిరగేసేవాళ్లు, అందరూ వింటున్నారు. పార్వతి టీ పళ్లెంతో వస్తోంది.

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాను.

"ఒక్క మాట పాపారావు గారూ. ఇరవై ఏళ్ల కింద క్వారీలో ఈ అప్పన్నని కాలు లేటు అని తీసేశారు. అలా అన్నది నేను. అతని కాలు లేటు కాదు. వాల్వులో స్ప్రింగు విరిగింది. వారం తర్వాత నా చేత్తోనే తీసి జేబులో వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీట సంగతి నేను కనిపెట్టలేదు. వేలు చూడమన్నది అతను."

కళ్లంలో పిక్కలు తిరగేసే చప్పుడు ఆగింది.

"నాకు తెలుసు మావా," అన్నాడు అప్పన్న. "షెడ్డులో ఉన్నోలు ఆ నెల్లోనే సెప్పినారు."

"తెలిసీ నన్నెందుకు పిలిపించావురా?"

"ఇంకెవుల్ని పిలిపించమంటావు? గేరుబాక్సు సంగతి తెలిసినోడివి నువ్వే. నా సంగతి తెలిసినోడివీ నువ్వే."

నేను పార్వతి వైపు తిరిగాను. ఆమె పళ్లెం పట్టుకుని నిలబడే ఉంది. "తప్పయిపోయిందమ్మా," అన్నాను.

ఆమె పళ్లెంలోంచి ఒక గ్లాసు తీసింది. "ఈయన పని పోయిన ఏడాదే నాను పిక్క కొట్టడానికొచ్చినాను. అంతకు ముందు ఈ పని ఎరగను," అంది. "ఈ ముక్క అప్పుడే సెప్పుంటే నా సేతులు మిగిలీవి. ఈపాలి సూసి సెప్పినావు, ఈయన పని మిగిలింది. తాగు, సల్లారిపోతంది."

గ్లాసు అందించింది. రెండు చేతులతో అందుకున్నాను. నిన్న నేను సరిపెట్టుకున్న ఆ వేళ్లని చూస్తూ, ఆఖరు గుక్క దాకా తాగాను.